రెండో సీటు

రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కారుని రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లాలంటే ముందుగా ఏం మార్చాలని అడిగేవాళ్ల దగ్గర చాలాసార్లు జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది. ఇంజను, టర్బో, సైలెన్సర్, పోనీ టైర్లు. నా జవాబు విన్నాక వాళ్ల ఉత్సాహం కాస్త చల్లబడుతుంది. ముందు మార్చాల్సింది బ్రేక్ ఆయిల్. ఒక లీటరు సీసా చాలు.

మనం ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. ఎక్కువ కార్లలో వాడేది గ్లైకాల్ జాతి ద్రవం. కాలు పెడల్ మీద వేసే ఒత్తిడిని చక్రం దాకా మోసుకెళ్లడం దాని పని. ద్రవాన్ని ఎంత నొక్కినా కుంచించుకుపోదు కాబట్టే ఆ పని చెయ్యగలుగుతుంది. మరిగిందా, అందులో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నలుగుతుంది. అప్పుడు పెడల్ నేల దాకా వెళ్లిపోతుంది, కారు మాత్రం తన దారిన తాను పోతూనే ఉంటుంది. మామూలు డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అది గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది కాబట్టి, పాతబడ్డాక 140 డిగ్రీలు తట్టుకుంటే చాలంటుంది అదే ప్రమాణం. ట్రాక్ కోసం అమ్మే రకాలు కొత్తగా ఉన్నప్పుడు 300 డిగ్రీలు దాటినా మరగవు.

ఆ తేడా ఎందుకు కావాలో చిన్న లెక్క చెప్తుంది. వెయ్యి కిలోల కారు గంటకి 160 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే అందులో సుమారు పది లక్షల జూళ్ల శక్తి ఉంటుంది. కారుని ఆపడమంటే ఆ శక్తిని వేడిగా మార్చడమే. మూడు లీటర్ల నీళ్లని కుండలోంచి తీసి మరిగేదాకా తెచ్చేంత వేడి. పొయ్యి మీద పావుగంట పట్టే పని బ్రేకుల్లో నాలుగైదు సెకన్లలో అయిపోవాలి. ట్రాక్ మీద పూర్తిగా ఆగం, మలుపు ముందు వేగాన్ని సగానికి తగ్గిస్తాం. కానీ వేగం సగమైతే శక్తి పావు వంతే మిగులుతుంది, అంటే ముప్పావు వంతు బ్రేకుల్లోకి పోయినట్టే. రోడ్డు మీద అలాంటి బ్రేకు ఏ కుక్కో అడ్డం వచ్చినప్పుడు వేస్తాం. ట్రాక్ మీద రెండు నిమిషాల చుట్టులో నాలుగైదుసార్లు వేస్తాం, అదీ ఇరవై నిమిషాలపాటు.

నా కారులో మార్పులు ఈ లీటరు సీసాతో మొదలై ఎనిమిదేళ్లు నడిచాయి. ప్రతి మార్పూ కారుని ట్రాక్‌కి ఒక అడుగు దగ్గర చేసింది, రోడ్డుకి ఒక అడుగు దూరం చేసింది. ఎక్కడ ఆగాలన్నది మాత్రం ఏ విడిభాగాల కేటలాగులోనూ ఉండదు.

*

నాది 1995 మాడల్ మజ్దా మియాటా. ఎరుపు. రెండే సీట్లు. తలుపు మీంచి చెయ్యి కిందికి చాపితే రోడ్డు అందుతుందేమో అన్నంత తక్కువ ఎత్తు. బటన్ నొక్కితే హెడ్‌లైట్లు నిద్ర లేచినట్టు పైకి లేస్తాయి. ఇంజను 1.8 లీటర్లు, 128 హార్స్‌పవర్. ఇవాళ మా ఆఫీసు పార్కింగులో ఉండే చాలా ఫ్యామిలీ కార్లు దీన్ని సిగ్నల్ దగ్గర సునాయాసంగా వెనక్కి నెట్టేస్తాయి.

ఈ కారుని మొదటిసారి 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో చూపించారు. అప్పటికి చిన్న ఓపెన్ టాప్ కార్ల కాలం అయిపోయిందనుకున్నారు అందరూ. అరవైల్లో ఇంగ్లండులో చేసిన లోటస్ ఎలాన్ లాంటివి నడపడానికి ఎంత హాయిగా ఉండేవో, నిలబెట్టుకోవడానికి అంత ఏడిపించేవి. బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటో జర్నలిస్టు ఆ రకం కారు మళ్లీ చెయ్యమని మజ్దా పెద్దల చెవిన వేశాడు. ప్రాజెక్టు నడిపించిన తోషిహికో హిరాయ్ దానికి 'జిన్బా ఇత్తాయ్' అనే మాటని సూత్రంగా పెట్టుకున్నాడు. గుర్రమూ రౌతూ ఒకటైపోవడం అని అర్థం. బలం కాదు, పొందిక ముఖ్యం. 2016 నాటికి పది లక్షల మియాటాలు తయారయ్యాయి. రెండు సీట్ల ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కార్లలో ఇంతగా అమ్ముడుపోయింది ఇంకోటి లేదు.

మేం 2011లో సెకండ్ హ్యాండులో కొన్నాం. మేం అంటే నేనూ, నా భార్యా. అప్పటికి పెళ్లయి ఏడాది. తను గేర్ల కారు నేర్చుకుంది ఇందులోనే, ఫ్రీమాంట్‌లో ఆదివారాలు ఖాళీగా పడుండే ఒక ఆఫీసు పార్కింగులో. మొదటి నెల క్లచ్ వదిలినప్పుడల్లా కారు కప్పలా గెంతేది, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. సముద్రం పక్కన హైవే వన్ మీద బిగ్ సర్ దాకా ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు.

తర్వాత పాప పుట్టింది. రెండు సీట్లలో ముగ్గురు పట్టరు, ఎంత గొప్ప ఇంజనీరు వచ్చినా ఈ లెక్క మారదు. కారు గరాజులో దుప్పటి కప్పుకుని రెండేళ్లు నిద్రపోయింది.

"అమ్మేద్దామా?" అంది తను ఒకరోజు. కోపంగా కాదు, పాత బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామా అని అడిగినట్టు.

నాకు అమ్మబుద్ధి కాలేదు. ఊరికే ఉంచుకోవడానికి కారణమూ దొరకలేదు. ట్రాక్ ఆ కారణమైంది. ఏడాదికి నాలుగైదు రోజులు, అందరి కారే నాదొక్కడిదిగా.

*

మామూలు రోడ్డు కారు మన దగ్గర చాలా విషయాలు దాస్తుంది. దాచమని డబ్బులిచ్చేది కూడా మనమే. సస్పెన్షన్ కీళ్లలో మెత్తటి రబ్బరు బుష్‌లు గుంతల సమాచారాన్ని సగం మింగేస్తాయి. నేల మీద కార్పెట్టు, దాని కింద శబ్దాన్ని పట్టేసే తారు రేకులు. పవర్ స్టీరింగు ముందు చక్రాల బరువుని చేతులకి తెలియనివ్వదు.

వీటన్నిట్లోకీ నాకు ఇష్టమైన అబద్ధం ఆయిల్ ప్రెషర్ ముల్లు. మియాటాలో మొదటి ఐదేళ్లు ఈ ముల్లు నిజంగా ఒత్తిడిని కొలిచేది. ఇంజను వేగం బట్టి పైకీ కిందికీ ఆడేది. అది నిజమే చెప్తున్నా చూసేవాళ్లకి కంగారే. 1995 నుంచి దాని వెనక ఒక స్విచ్ పెట్టారు. ఒత్తిడి కాస్తో కూస్తో ఉంటే చాలు, ముల్లు బుద్ధిగా మధ్యలో నిలబడుతుంది. అసలు లేనప్పుడు పడిపోతుంది. అప్పుడు చూసినా చెయ్యగలిగింది ఏమీ ఉండదు. నేను నిజంగా కొలిచే మీటరు ఒకటి వేరే పెట్టాను. అప్పట్నుంచి కారుతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది, అదేమంత ప్రశాంతమైన సంభాషణ కాకపోయినా.

లోటస్ పెట్టిన కాలిన్ చాప్‌మన్ పేరు మీద ఒక సూత్రం చెలామణీలో ఉంది. కారుని సరళంగా చెయ్యాలి, ఆ తర్వాత తేలిక చెయ్యాలి. బరువు తగ్గితే వేగం అందుకోవడానికీ సులువే, ఆగడానికీ సులువే, మలుపు తిరగడానికీ సులువే. ఇంజను బలం పెంచితే వీటిలో మొదటిదొక్కటే దక్కుతుంది. ఇంజను జోలికి పోకపోవడానికి నాకింకో కారణం కూడా ఉంది. కాలిఫోర్నియాలో నంబర్ ప్లేటు నిలవాలంటే రెండేళ్లకోసారి పొగ పరీక్ష పాసవ్వాలి.

కాబట్టి తీసెయ్యడం మొదలుపెట్టాను. స్టెపినీ, జాకీ, కార్పెట్లు, స్పీకర్లు, ఏసీ. తారు రేకుల మీద డ్రై ఐస్ పోసి, గట్టిపడ్డాక సుత్తితో కొడితే పెంకుల్లా ఊడొచ్చాయి. ఒక్కోటీ తీసి గరాజులో పక్కన పెడుతుంటే నా భార్య వచ్చి చూసి, "ఇవన్నీ లేకుండా కూడా నడుస్తుందా?" అంది. నడుస్తుంది. ఇంకా బాగా నడుస్తుంది. కాకపోతే లోపల పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకరి మాట ఒకరు వినాలంటే అరవాలి.

బ్రేక్ ప్యాడ్లు కూడా ఇంతే. ట్రాక్ ప్యాడ్లు భయంకరమైన వేడిలో పట్టు వదలవు, చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు. పొద్దున్నే పాలకోసం బయల్దేరితే మొదటి సిగ్నల్ దగ్గర కారు ఆగాలా వద్దా అని ఆలోచిస్తుంది. పైగా ఆగినప్పుడల్లా గూడ్సు బండి స్టేషన్లోకి వచ్చినట్టు కీచుమంటుంది. అందుకని ట్రాక్‌కి వెళ్లే ముందు రాత్రి ప్యాడ్లు మారుస్తాను, వచ్చాక మళ్లీ పాతవి వేస్తాను. చక్రాల వాలుతో అలా కుదరదు. మలుపులో కారు పక్కకి ఒరిగినప్పుడు బరువంతా టైరు బయటి అంచు మీద పడుతుంది, దొడ్డికాళ్లతో నడిచే మనిషి చెప్పు ఒకవైపే అరిగినట్టు. దాన్ని సరిచెయ్యడానికి చక్రాల పైభాగాన్ని రెండు మూడు డిగ్రీలు లోపలికి వంచి పెడతారు. అప్పుడు మలుపులో టైరు మొత్తం రోడ్డుని పట్టుకుంటుంది. అదే కారు హైవే మీద తిన్నగా పోతుంటే లోపలి అంచు అరిగిపోతుంది. ట్రాక్ మీద మిగిల్చిన రబ్బరుని రోడ్డు తినేస్తుంది.

*

మాకు దగ్గర్లో ఉన్న పెద్ద ట్రాక్ మాంటెరే పక్కన కొండల్లో ఉన్న లగూనా సెకా. సుమారు 3.6 కిలోమీటర్లు, 11 మలుపులు. దీని పుట్టుక వెనక ఒక చావు ఉంది. 1950 నుంచి 1956 దాకా దగ్గర్లోని పెబుల్ బీచ్ అడవి రోడ్ల మీదే రేసులు జరిగేవి. దారికి రెండువైపులా చెట్లు, అడ్డంగా గడ్డి మోపులు. 1956లో ఎర్నీ మెకాఫీ అనే డ్రైవర్ ఫెరారీతో చెట్టుని గుద్దుకుని చనిపోయాడు. ఇక రోడ్ల మీద రేసులు వద్దనుకుని, ఫోర్ట్ ఆర్డ్ అనే సైనిక స్థావరం భూముల్లో 1957లో ఈ ట్రాక్ కట్టారు. ఇవాళ చుట్టుపక్కల ఇళ్లవాళ్ల కోసం శబ్దం మీద కూడా పరిమితులున్నాయి. చాలా రోజుల్లో 90 డెసిబెల్స్ దాటితే ఇంటికి పంపేస్తారు. సైలెన్సర్ మార్చి ఊరంతా దడదడలాడించాలనుకునేవాళ్లకి ఇక్కడ చోటు లేదు.

బయటివాళ్లు ట్రాక్ అనగానే వేగాన్నే ఊహించుకుంటారు. మొదటి రోజు నన్ను ఆశ్చర్యపరిచింది అక్కడి మర్యాద. ఎదురు వచ్చే బండి లేదు, అడ్డం వచ్చే మనిషి లేడు, అందరూ ఒకే దిక్కుకి. ఓవర్‌టేక్ చెయ్యాలంటే ముందున్నవాడు అనుమతి ఇవ్వాలి. చెయ్యి బయటికి పెట్టి, ఏ పక్కనుంచి వెళ్లాలో వేలితో చూపిస్తాడు. అలా చూపించకపోతే వెనక ఉన్నది ఫెరారీ అయినా సరే, వెనకే ఉండాలి. మన హైవేల మీద లారీ డ్రైవర్లు చేసేది సరిగ్గా ఇదే. దానికి మనకి చక్కటి మాట కూడా ఉంది. సైడివ్వడం.

కొత్తవాళ్లని ఒంటరిగా వదలరు. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు. అతని ముందు స్టీరింగు లేదు, కాళ్ల దగ్గర బ్రేకు లేదు. ఉన్నదల్లా హెల్మెట్లలో పెట్టిన మైకు. ముక్కూ మొహం తెలియనివాడు కారు నడుపుతుంటే, గొంతు తప్ప ఇంకే ఆధారమూ లేకుండా పక్కన కూర్చోవడానికి ఎంత నమ్మకం కావాలో నేను ఇప్పటికీ ఊహించలేను. అందుకే చాలా క్లబ్బులు ఒక నియమం పెట్టాయి. డ్రైవర్‌కి ఎలాంటి సీటు బెల్టు ఉందో పక్క సీటుకీ అలాంటి రక్షణే ఉండాలి. నువ్వు ఆరు పట్టీల హార్నెస్ కట్టుకుని, పక్కవాడికి మామూలు బెల్టు ఇస్తే ఒప్పుకోరు.

*

ఓపెన్ టాప్ కారుకి తప్పనిసరిగా కావాల్సింది రోల్ బార్. సీట్ల వెనక నిలబడే ఉక్కు వంపు. కారు తిరగబడితే తల నేలకి కొట్టుకోకుండా బరువు అది మోస్తుంది. దాన్ని పరీక్షించే పద్ధతి మన ఇళ్లలో కూడా చెయ్యొచ్చు. రోల్ బార్ మీదనుంచి ముందు అద్దం పై అంచు దాకా ఒక చీపురు కర్ర పెడతారు. హెల్మెట్ పెట్టుకుని కూర్చున్న మనిషి తల ఆ కర్రకి కిందే ఉండాలి. నేను ఆరడుగుల మనిషిని. సీటు కింద పట్టాలు తీసేసి, బకెట్ సీటుని దాదాపు నేలకి ఆనించి బిగిస్తేనే పాసయ్యాను.

ఒక చలికాలం ఇంకో ట్రాక్‌లో, నా ముందు సెషన్‌లో ఒక మియాటా బోల్తా పడింది. నేను పడటం చూడలేదు. టో ట్రక్కు మోసుకొచ్చినప్పుడు చూశాను. ముందు అద్దం ఫ్రేము బానెట్ మీదికి నలిగిపోయింది. రోల్ బార్ వంపులో తడిమట్టీ, పచ్చగడ్డీ ఇరుక్కుని ఉన్నాయి. డ్రైవర్ పక్కనే ఒక పికప్ ట్రక్కు వెనక కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. చెయ్యి వణుకుతోంది, సీసా అంచు పళ్లకి తగిలి టకటకమంటోంది. అతని తల ఉండాల్సిన ఎత్తు కంటే నాలుగు వేళ్లు పైన ఆ గడ్డి ఉంది.

ఇంటికొచ్చాక నా భార్యకి చెప్పాను. చెప్పకుండా ఉండే అలవాటు మా ఇద్దరికీ లేదు. తను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నువ్వు అక్కడ ఉన్నప్పుడు నేను ఫోను చూస్తూ ఉంటాను తెలుసా? నీ నుంచి మెసేజ్ కోసం కాదు. తెలియని నంబరు నుంచి ఫోను రాకూడదని," అంది.

దానికి నా దగ్గర ఉన్న ఒకే జవాబు ఇంకా ఉక్కు. పూర్తి కేజ్. తలుపుల దగ్గర అడ్డ కడ్డీలు, ముందు అద్దం పక్కన కడ్డీలు, తల పైన చట్రం. అది ఉంటే స్పెక్ మియాటా అనే రేసింగ్ తరగతిలో పోటీ కూడా పడొచ్చు. దాదాపు ఒకేలాంటి పాత మియాటాలు డజన్ల కొద్దీ ఒకదాన్నొకటి రాసుకుంటూ పరిగెత్తే రేసు అది. నాకు నలభై దగ్గరపడుతున్నప్పుడు ఆ కోరిక బలంగా ఉండేది. ఒక వెల్డింగ్ షాపు వాళ్లతో కొలతలు కూడా తీయించాను. కాగితం మీద గీసిన బొమ్మలో ఒకటే సీటు ఉంది. రెండోది బరువు కదా.

కేజ్ వేశాక వెనక్కి రావడం ఉండదు. ట్రాక్ మీద ప్రాణం కాపాడే కడ్డీ రోడ్డు మీద ప్రాణం తీయగలదు. హెల్మెట్ లేని తల పక్కన, బెత్తెడు దూరంలో ఉక్కు గొట్టం ఉంటే, సిగ్నల్ దగ్గర వెనకనుంచి ఎవరైనా మామూలుగా గుద్దినా తల దానికే తగులుతుంది. ఎంత మెత్త చుట్టినా అది హెల్మెట్ ఉన్న తల కోసం చుట్టిన మెత్తే. అలాంటి కారుని ట్రైలర్ మీద తీసుకెళ్లి, దింపి, నడిపి, మళ్లీ ఎక్కించాలి. అంటే నంబర్ ప్లేటు తీసెయ్యడమే.

*

ఆ బొమ్మ ఇంకా ఫ్రిజ్ మీద అంటించి ఉన్న రోజుల్లోనే అమ్మా నాయనా ఆరునెలలు ఉండటానికి వచ్చారు. నాయన తిరుపతిలో ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాడు. సర్వీసులో ఎక్కువ భాగం తిరుమల ఘాట్ రోడ్డు మీదే గడిచింది. వాన కురిసే రాత్రుళ్లు నాయన కొండ మీద ఉంటే అమ్మ గడప దగ్గర కూర్చునేది కాదు. బియ్యంలో రాళ్లు ఏరేది, అప్పటికే తోమిన గిన్నెలు మళ్లీ తోమేది. "చూస్తా కూర్చుంటే బండి బిన్నా రాదు," అనేది.

అమెరికాలో నాయనకి తోచేది కాదు. బ్రేక్ ఆయిల్ మార్చే రోజు పనికి పిలిచాను. ఇద్దరు మనుషుల పని అది. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నిపుల్ విప్పి పాత ఆయిల్ని, గాలినీ బయటికి వదలాలి. తొక్కు, పట్టు, వదులు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ బకెట్ సీట్లోకి దిగడానికే ఐదు నిమిషాలు పట్టింది. దిగాక మాత్రం ఆయన కాలు ఒక్కసారి కూడా తడబడలేదు.

"మా బస్సులకి గాలి బ్రేకులు. ఈ ఆయిలు గొడవ ల్యా," అన్నాడు. "అయితే వేడి మాత్రం యాడైనా వేడే. కాలు బ్రేకు మీదనే పెట్టుకోని దిగేవానికి సగం కొండకే బ్రేకు చచ్చిపోతాది. డ్రమ్ము కాగి ఉబ్బుతాది, లైనరు అందదు. ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగల్ల."

కొండ దిగే కార్లు మరీ త్వరగా కిందికొచ్చేస్తే చెక్‌పోస్టులో టైము చూసి జరిమానా వేసేవాళ్లని కూడా చెప్పాడు. నేను ఏళ్ల తరబడి చుట్టుకి అర సెకను తగ్గించడానికి తిప్పలు పడుతున్నాను. నాయన పనిచేసిన రోడ్డు మీద తొందరగా వచ్చినవాడే ఓడిపోతాడు.

తర్వాతి ట్రాక్ రోజుకి నాయనని కూడా తీసుకెళ్లాను. కంచె దగ్గర కుర్చీ వేసుకుని పొద్దున్నంతా చూశాడు. ముందు కారులోంచి చెయ్యి బయటికి రావడం, వెనక కారు దాటిపోవడం రెండుసార్లు చూసి, "సైడిస్తా ఉండారే!" అని మురిసిపోయాడు. మధ్యాహ్నం భోజనాల వేళ, ముందు ఒక కారు దారి చూపిస్తుంటే మెల్లగా ట్రాక్ చుట్టి రావడానికి ఇంట్లోవాళ్లని ఎక్కించుకోనిస్తారు. నాయనని ఎక్కించుకున్నాను.

ముప్పై ఏళ్లు బండికి కుడివైపు కూర్చున్న మనిషి. అమెరికాలో కుడివైపు కూర్చుంటే ముందు స్టీరింగు ఉండదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆరో మలుపు దాటి కొండ ఎక్కుతున్నప్పుడు ఆయన కుడికాలు చూశాను. పైన కార్క్‌స్క్రూ అనే జంట మలుపు ఉంది. శిఖరం దాటేదాకా కింద రోడ్డు కనపడదు, దాటాక 450 అడుగుల్లో 59 అడుగులు కిందికి పడిపోతుంది. అక్కడ బ్రేకు శిఖరానికి ముందే, కారు తిన్నగా ఉన్నప్పుడే వేసెయ్యాలి. ఇది నాకు ఇన్‌స్ట్రక్టర్లు రెండేళ్లపాటు మైకులో చెప్పి చెప్పి నేర్పిన సంగతి. నేను బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక్క క్షణం ముందు నాయన కాలు ఖాళీ నేలని నొక్కింది.

కిందికి దిగాక అన్నాడు. "ఎదురు బండి రాదని రాసిచ్చినట్టుండాది రా ఈ రోడ్డు."

సాయంత్రం ఇంటికొచ్చాక ఫ్రిజ్ మీది బొమ్మ దగ్గర నిలబడ్డాడు. అదేంటో చెప్పాను. కడ్డీలన్నీ వేలితో తడిమి, బాగానే ఉందన్నట్టు తలూపాడు. తర్వాత రెండో సీటు ఉండాల్సిన ఖాళీ మీద వేలు పెట్టాడు.

"కండక్టరు?"

"రేసుకి కండక్టరెందుకు నాయనా?"

"రైట్ రైట్ అనేదానికి కాదులే. అది నువ్వే అనుకుంటావు. హోల్డాన్ అనేవాడు ఒకడు ఉండల్ల."

అమ్మ వంటింట్లోంచి నవ్వింది.

*

నాయన మాటతో నేను మారిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. వాళ్లు తిరుపతి వెళ్లిపోయాక కూడా ఆ బొమ్మ మూడునెలలు ఫ్రిజ్ మీదే ఉంది. వెల్డింగ్ షాపు వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. రేసు కోరికా అలాగే ఉంది, ఇవాళ్టికీ ఉంది.

ఒకరోజు రాత్రి పాపని పడుకోబెట్టి వచ్చి నా భార్య ఆ బొమ్మ తీసి టేబుల్ మీద పెట్టింది. "ఇది చేయిస్తే నేను ఇందులో నేర్చుకోవడం కుదరదు కదా?" అంది.

"ఏం నేర్చుకోవడం?"

"కొత్తవాళ్లకి పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చోవాలన్నావుగా. సీటు లేకపోతే ఎక్కడ కూర్చుంటాడు?"

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. ఈ కారులో గేర్లు నేర్చుకున్నది తను. ఎనిమిదేళ్లుగా నేను తీసేస్తూ, బిగిస్తూ, కొలుస్తూ ఉంటే చూసింది తను. కారు దాచడం మానేసి నిజం చెప్పడం మొదలుపెట్టాక వినే అవకాశం మాత్రం నాకొక్కడికే దక్కింది.

మర్నాడు షాపు వాళ్లకి వద్దని చెప్పేశాను. రోల్ బార్ ఉంది. రెండు బకెట్ సీట్లున్నాయి, రెండింటికీ ఆరు పట్టీల హార్నెస్, రెండింటికీ రోడ్డు మీద వాడుకోవడానికి పాత బెల్టులు. నంబర్ ప్లేటు ఉంది. చక్రాల వాలు అర డిగ్రీ తగ్గించాను. చుట్టుకి ఎంత పోయిందో కొలవలేదు. తన ఎత్తుకి సీటు ముందుకి జరిపి, వీపు వెనక ఒక మెత్త బిగించాం. చీపురు కర్ర పరీక్ష పాప చేసింది. అమ్మ తల కర్రకి జానెడు కిందుందని ప్రకటించింది.

మొన్న మార్చిలో లగూనా సెకాలో కొత్తవాళ్ల సెషన్. ముందు రోజు రాత్రి ఆయిల్ మార్చాం. తను పెడల్ తొక్కింది, నేను నిపుల్ విప్పాను. ప్రతి చక్రం నట్టూ రెండుసార్లు బిగించి చూశాను. పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ జుట్టు తెల్లబడ్డ పెద్దావిడ. ఎక్కేముందు నావైపు చూసి కంగారు పడొద్దన్నట్టు చెయ్యి ఊపింది. అప్పుడు తెలిసింది, కంగారు మొహం మీద కనపడుతోందని.

కంచె దగ్గర నేనూ పాపా. కారు రెండో మలుపు తిరిగేదాకా కనపడుతుంది, ఐదో మలుపు దాకా తలలు కనపడతాయి, తర్వాత కొండ వెనక్కి పోతుంది. కొత్తవాళ్లకి చుట్టు రెండు నిమిషాలకి కాస్త ఎక్కువే పడుతుంది. నా దగ్గర స్టాప్‌వాచీ ఉంది, నొక్కలేదు. టైర్ల గాలి చూసే మీటరు తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాను. అది శుభ్రంగానే ఉంది.

"అమ్మ ఏది?" అంది పాప.

"కొండ మీద ఉంది. వస్తుంది."

ఒక బూడిదరంగు కారు వచ్చింది. ఇంకో తెల్లది వచ్చింది. తర్వాత పదకొండో మలుపు దగ్గర ఎరుపు కనిపించింది. దాని వెనకే అంటుకున్నట్టు ఒక నీలం కారు. ఎర్ర కారు తిన్నగా అయ్యాక డ్రైవర్ వైపునుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, వేలు పక్కకి చూపించింది. నీలం కారు దాటిపోయింది.

పాప గట్టిగా చెయ్యి ఊపింది. "అమ్మ మనకి టాటా చెప్తోంది!"

"కాదు. సైడిస్తోంది," అన్నాను.